బ్లెండెడ్ స్ట్రెయిట్ బర్బన్‌ను తెలిసి రుచి చూడటం ఎలా

శ్రీకాకుళంలోగాని విజయనగరంలోగాని మద్యం దుకాణంలో దొరికే విస్కీల్లో చాలా వాటికి మూలం మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన న్యూట్రల్ స్పిరిట్, అంటే రుచీ వాసనా దాదాపు లేని ఆల్కహాలు. దానికి కొంత మాల్ట్ విస్కీ, రంగు, పరిమళం చేర్చి సీసాల్లో నింపుతారు. ‘బ్లెండెడ్’ అనే మాట మనవాళ్లకు ఆ సీసాల మీదే అలవాటైంది. అందుకే అమెరికాలో ఉండే కొడుకో అల్లుడో తెచ్చిన బర్బన్ అనే అమెరికా విస్కీ సీసా మీద ఆ మాట కనిపించగానే ఇదీ కలిపిన సరుకే అనుకుని, సోడా పోసి, ఐసు వేసి, పది నిమిషాల్లో గ్లాసు ఖాళీ చేసేస్తారు. ‘బ్లెండ్ ఆఫ్ స్ట్రెయిట్ బర్బన్ విస్కీస్’ అని రాసి ఉన్న సీసాలో న్యూట్రల్ స్పిరిట్ చుక్క కూడా ఉండదు. అందులో కలిసినవన్నీ విడివిడిగా చూసినా స్ట్రెయిట్ బర్బన్లే. అటువంటి సీసా మీ ఇంటికి వచ్చినప్పుడు దాన్ని ఎలా చదవాలో, ఎలా రుచి చూడాలో, అందులోని ఆకర్షణ ఎక్కడుందో ఎలా గుర్తించాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

లేబుల్ చదవడం

అమెరికా చట్టం ప్రకారం ఒక విస్కీ బర్బన్ అనిపించుకోవాలంటే దానికి వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ నుంచి దిగే స్పిరిట్ బలం 80 శాతం ఆల్కహాలును మించకూడదు. లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోకి అది 62.5 శాతానికి మించని బలంతో చేరాలి, సీసాలోకి 40 శాతానికి తగ్గకుండా రావాలి. ఆ పీపాను బర్బన్ కోసం ఒకసారే వాడతారు. తర్వాత అటువంటి పీపాల్లో చాలా భాగం స్కాట్లండ్ వెళ్లి అక్కడి విస్కీని పండిస్తాయి. ఇలా తయారైన బర్బన్ కనీసం రెండేళ్లు పీపాలో ఉంటే ‘స్ట్రెయిట్’ అని రాసుకునే అర్హత వస్తుంది. నాలుగేళ్లలోపుదైతే వయసు తప్పనిసరిగా వేయాలి. లేబుల్ మీద వేసే వయసు కలిసినవాటిలో అన్నిటికంటే చిన్నదానిది మాత్రమే కాబట్టి, ‘5 సంవత్సరాలు’ అని ఉన్న సీసాలో పది పన్నెండేళ్ల విస్కీ కూడా కొంత ఉండే అవకాశం ఉంది. 1964లో అమెరికా కాంగ్రెస్ బర్బన్‌ను తమ దేశానికే చెందిన ప్రత్యేక ఉత్పత్తిగా ప్రకటించింది. అందువల్ల బర్బన్ కెంటకీ రాష్ట్రంలోనే తయారు కానక్కర్లేదుగాని అమెరికాలోనే తయారు కావాలి.

ఒకే రాష్ట్రంలో తయారైన స్ట్రెయిట్ బర్బన్లను కలిపితే, అవి రెండు మూడు డిస్టిలరీల నుంచి వచ్చినవైనా సరే, ఆ సీసా మీద స్ట్రెయిట్ బర్బన్ అనే రాసుకోవచ్చు. వేర్వేరు రాష్ట్రాల స్ట్రెయిట్ బర్బన్లను కలిపినప్పుడు మాత్రం అది బ్లెండ్ అని చెప్పి తీరాలి. అంటే ఆ మాట సరుకులో లోపాన్ని చెప్పడం లేదు, అందులోని విస్కీలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చెబుతోంది. అయితే ‘స్ట్రెయిట్’ అన్న మాట లేకుండా ‘బ్లెండెడ్ బర్బన్’ అని మాత్రమే ఉంటే జాగ్రత్తగా చూడాలి. అందులో స్ట్రెయిట్ బర్బన్ 51 శాతం ఉంటే చాలు, మిగిలినది న్యూట్రల్ స్పిరిట్ కావచ్చు. ఉత్త ‘బ్లెండెడ్ విస్కీ’ అయితే స్ట్రెయిట్ విస్కీ 20 శాతం ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది. ముందు వైపు పెద్ద అక్షరాల కంటే, కింద చిన్న అక్షరాల్లో ఉండే ఈ వాక్యమే సీసాలో ఏముందో కచ్చితంగా చెబుతుంది కాబట్టి కళ్లజోడు పెట్టుకునైనా దాన్ని చదవాలి.

ఎక్కడ బట్టీలో తీశారన్నది వెనక లేబుల్ మీద సాధారణంగా ఉంటుంది. ఇక్కడ ఒక ఊరి పేరు తికమక పెడుతుంది. లారెన్స్‌బర్గ్ అనే ఊళ్లు రెండున్నాయి. కెంటకీలోని లారెన్స్‌బర్గ్‌లో వైల్డ్ టర్కీ, ఫోర్ రోజెస్ డిస్టిలరీలు ఉండగా, ఇండియానాలోని లారెన్స్‌బర్గ్‌లో ఎమ్‌జీపీ వారి పెద్ద డిస్టిలరీ ఉంది. అమెరికాలో ఎన్నో చిన్న కంపెనీలు ఈ ఇండియానా విస్కీని పీపాల లెక్కన కొని తమ పేరుతో సీసాల్లో నింపుతాయి. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదని నా అభిప్రాయం. మంచి పీపాను ఎంచుకోవడం, దానికి సరైన జోడీని వెతకడం కూడా గొప్ప పనితనమే. లూయివిల్‌లోని బ్యారెల్ క్రాఫ్ట్ స్పిరిట్స్ వారు ఇండియానా, కెంటకీ, టెనెసీ రాష్ట్రాల పీపాలను కలిపి, ఈ పని మీదే పేరు తెచ్చుకున్నారు. ఉటా రాష్ట్రానికి చెందిన హై వెస్ట్ వారి ‘అమెరికన్ ప్రెయిరీ’ కూడా ఈ కోవలోదే.

బలాన్ని తెలిపే అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన సీసాల మీద కనిపించే 42.8 శాతం పాత బ్రిటిష్ కొలతలో 75 డిగ్రీల ప్రూఫ్‌తో సమానం. అమెరికా కొలతలో ప్రూఫ్ అంటే ఆల్కహాలు శాతానికి సరిగ్గా రెట్టింపు. కాబట్టి అమెరికా సీసా మీద 90 ప్రూఫ్ అని ఉంటే అది 45 శాతం, అంటే మనకు అలవాటైన దానికంటే కొంచెమే ఎక్కువ. 115 ప్రూఫ్ అని ఉంటే మాత్రం అది 57.5 శాతం. పీపా బలంతోనే సీసాకెక్కే బ్లెండ్లు చాలా వరకు ఈ స్థాయిలో ఉంటాయి. వాటిని మామూలు లార్జ్ లెక్కన పోసుకుంటే నాలుకకు మంట తప్ప మరేమీ తెలియదు.

ఎందుకు కలుపుతారు

మొక్కజొన్న తీపినిస్తుంది, రై ధాన్యం కారాన్నీ ఘాటునూ ఇస్తుంది, గోధుమ మెత్తదనాన్ని ఇస్తుంది. మొలకెత్తించిన బార్లీ పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి పులియడానికి వీలు కల్పిస్తుంది. వీటి పాళ్లు ఒక్కో డిస్టిలరీలో ఒక్కో విధంగా ఉంటాయి. ఇండియానాలో ఎమ్‌జీపీ తయారుచేసే ఒక బర్బన్‌లో మొక్కజొన్న 60 శాతం, రై 36 శాతం. టెనెసీలోని టలహోమా దగ్గర జార్జ్ డికెల్ డిస్టిలరీలో మొక్కజొన్న 84 శాతం, రై 8 శాతం మాత్రమే. మొదటిది ఘాటుగా, చురుగ్గా ఉండి తీపిలో కొంత వెనకబడుతుంది. రెండోది తియ్యగా, వేయించిన వేరుశనగ గుళ్ల వాసనతో నిండుగా ఉన్నా ఒంటరిగా తాగితే కాసేపటికి మొహం మొత్తవచ్చు. ఈ రెండింటికీ కెంటకీ నుంచి పాత పీపా ఒకటి చేరి, దాని ఓక్ చెక్క రుచి తోడైతే, ఏ ఒక్క డిస్టిలరీ ఒంటరిగా ఇవ్వలేని విస్తృతి వస్తుంది. బ్లెండ్ పట్ల నాకున్న అభిమానానికి కారణం ఇదే.

ఒకే డిస్టిలరీ లోపల కూడా ఈ పని జరుగుతుందని ఫోర్ రోజెస్ ఉదాహరణ చూపుతుంది. అక్కడ రెండు రకాల ధాన్యం పాళ్లనూ అయిదు రకాల ఈస్టునూ జతచేసి మొత్తం పది రకాల బర్బన్లు తయారుచేస్తారు. వారి ‘స్మాల్ బ్యాచ్’ సీసాలో ఆ పదింటిలో నాలుగు కలుస్తాయి. అన్నీ కెంటకీవే కాబట్టి లేబుల్ మీద బ్లెండ్ అన్న మాట అవసరం రాలేదు. ఇవి కాక గోదాంలో పీపా ఉన్న చోటు కూడా రుచిని మారుస్తుంది. సుమారు 200 లీటర్లు పట్టే పీపా పై అంతస్తులో ఉంటే వేసవి వేడికి విస్కీ చెక్క లోతుకు చొచ్చుకుపోయి త్వరగా ముదురుతుంది, కింది అంతస్తులో నెమ్మదిగా పండుతుంది. ఒకే రోజు నింపిన రెండు పీపాలు ఆరేళ్ల తర్వాత అన్నదమ్ముల్లా పోలికలతో ఉన్నా స్వభావంలో వేరవుతాయి. విస్కీలను కలిపే నిపుణుడు, అంటే బ్లెండర్, ఈ తేడాలను ఎరిగి, ఒకదాని కొరతను మరొకదానితో పూరిస్తాడు.

రుచి చూసే పద్ధతి

సమయాన్ని ముందు ఎంచుకోవాలి. చేపల పులుసో, ఆవ పెట్టిన కూరో తిన్న తర్వాత నాలుక మరో రుచిని పట్టుకోలేదు కాబట్టి భోజనానికి గంట ముందు కూర్చోవడం మంచిది. గదిలో అగరొత్తులు, సెంటు, దోమల కాయిల్ పొగ లేకుండా చూసుకోవాలి. మన తీరంలో మే నెలలో గది వేడి 35 డిగ్రీలు దాటితే ఆల్కహాలు ఆవిరి ముందుగా ముక్కుకెక్కి మిగిలిన వాసనలను కప్పేస్తుంది. అలాంటి రోజుల్లో సీసాను అరగంట సేపు చల్లటి నీళ్ల పళ్లెంలో నిలబెట్టి పోసుకోవాలి. మార్గశిరం, పుష్యం నెలల సాయంకాలాలైతే ఈ అవసరం ఉండదు, బర్బన్ రుచి చూడటానికి మన జిల్లాల్లో అంతకంటే మంచి కాలం లేదు.

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా ఉండాలి. విస్కీ రుచి చూడటానికే చేసే గ్లెన్‌కెయిర్న్ గ్లాసు లేకపోతే చిన్న వైన్ గ్లాసు సరిపోతుంది. స్టీలు గ్లాసులో రంగు కనిపించదు, వాసనా నిలవదు. పోసుకునేది 30 మిల్లీలీటర్లే, అంటే ఒక స్మాల్. పోసిన తర్వాత అయిదారు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. ఆ కాసేపట్లో ఘాటైన ఆవిరి తగ్గి అసలు వాసనలు పైకి వస్తాయి. తర్వాత ముక్కును గ్లాసులోకి దూర్చకుండా, మూతికి బొటనవేలంత దూరంలో ఉంచి, పెదవులు కొద్దిగా తెరిచి మెల్లగా పీల్చాలి.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే విదేశీ వర్ణనల్లో కనిపించే పళ్లూ మిఠాయిలూ మనం ఎరిగినవి కావు. వాటిని బట్టీ పట్టవలసిన అవసరం లేదు. మన వంటింట్లో, మన తోటల్లో ఉన్న వాసనలతోనే బర్బన్‌ను పూర్తిగా వర్ణించవచ్చు, పైగా అందుకు రసాయన కారణాలు కూడా ఉన్నాయి. ఓక్ చెక్కలో లాక్టోన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటి వాసన కొబ్బరి వాసనే. ఉద్దానంలో పెరిగినవారు ఎండుకొబ్బరి చిప్పను తలుచుకుని గ్లాసు దగ్గరకు వెళితే దాన్ని వెంటనే పట్టుకోగలరు. లవంగానికి ఆ వాసననిచ్చే యూజెనాల్ ఓక్‌లోనూ ఉంది. పీపాను కాల్చినప్పుడు చెక్కలోని లిగ్నిన్ విడిపోయి వెనిల్లిన్ పుడుతుంది, ఐస్‌క్రీములో మనం ఎరిగిన వెనిల్లా వాసన అదే. చెక్కలోని చక్కెరలు వేడికి మాడి, ముదురు బెల్లం పాకం దించేముందు వచ్చే వాసననిస్తాయి. ఈస్టు పుట్టించే ఎస్టర్లు అనే పదార్థాలు బాగా మగ్గిన అరటిపండులా వాసన వేస్తాయి. మొక్కజొన్న వాటా ఎక్కువైన బర్బన్‌లో రోడ్డు పక్కన నిప్పుల మీద కాల్చిన పొత్తు వాసన, వయసు పెరిగినదాంట్లో దోరగా వేయించిన పలాస జీడిపప్పు వాసన వెతికి చూడండి. చెక్కలోని టానిన్ నాలుకను పట్టుకునే తీరుకు జీడిమామిడి పండు వగరు సరైన పోలిక. ఆ వగరు కొద్దిగా ఉంటే విస్కీకి వెన్నెముకలా నిలుస్తుంది, మితిమీరితే పీపాలో ఎక్కువ కాలం ఉండిపోయిందని అర్థం.

మొదటి గుటక చాలా చిన్నదిగా ఉండాలి. అది నాలుకను ఆల్కహాలుకు అలవాటు చేయడానికే గనుక దాన్నిబట్టి ఏ నిర్ణయానికీ రాకూడదు. రెండో గుటకను నాలుక మీద అయిదు క్షణాలు నిలిపి, నోరంతా తిప్పి మింగాలి. అప్పుడు రుచులు వచ్చే వరుసను గమనించండి. బ్లెండ్‌లో ఈ వరుసే ముఖ్యం. తరచుగా ముందు మొక్కజొన్న తీపి, వేరుశనగ లాంటి నూనెదనం వస్తాయి. మధ్యలో రై ఇచ్చే మిరియపు ఘాటు లేస్తుంది. మింగిన తర్వాత ఓక్ వగరు, మాడిన చక్కెర మిగులుతాయి. ఈ మూడూ ఒకదాని నుంచి మరొకటి పుట్టినట్టుగా సాగాయా, లేక తీపి ఆగిపోయి కాస్త ఖాళీ వచ్చి ఆ తర్వాత ఘాటు మొదలైందా అన్నది పరిశీలించాలి. మంచి బ్లెండ్‌లో ఆ అతుకు తెలియదు. బలహీనమైన బ్లెండ్‌లో లేతగా ఉన్న విస్కీ పచ్చి పిండి వాసనతో విడిగా బయటపడిపోతుంది. మింగిన తర్వాత రుచి ఎంతసేపు నిలిచిందో కూడా చూడండి.

ఆ తర్వాత నీళ్లు. చాలామంది నీళ్లు కలపడాన్ని చిన్నతనంగా భావిస్తారు, నేను ఆ మాటను ఒప్పుకోను. సీసాలో నింపే ముందు చాలా విస్కీల పీపా బలాన్ని డిస్టిలరీవారే నీళ్లతో తగ్గిస్తారు. 50 శాతం పైబడిన బ్లెండ్‌కు నీళ్లు చేరినప్పుడే దాగిన వాసనలు విచ్చుకుంటాయి. 57 శాతం బలమున్న 30 మిల్లీలీటర్ల విస్కీకి 8 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 45 శాతానికి వస్తుంది. అంతా ఒకేసారి పోయకుండా ఒక్కో చెంచాడు కలుపుతూ ప్రతిసారీ వాసన చూడాలి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు, క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లు పనికిరావు, కాచి చల్లార్చిన మంచినీళ్లు గాని ఫిల్టర్ నీళ్లు గాని వాడాలి. ఐసు వేసుకుంటే తీపి, వాసన రెండూ ముడుచుకుంటాయి కాబట్టి పరిశీలన పూర్తయ్యాక, మిగిలినదాంట్లో వేసుకోండి. సోడా, కూల్‌డ్రింకు కలపదలచుకున్నవారు ఇంత ఖరీదైన సీసాను అందుకు ఖర్చుపెట్టనక్కర్లేదు.

ఒక పూట 30 మిల్లీలీటర్ల చొప్పున రెండు గ్లాసులు దాటితే నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాత చూసే రుచి లెక్కలోకి రాదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవారే మద్యం కొనాలి. తాగిన తర్వాత బండి తాళం ముట్టుకోకూడదు. మూత్రపిండాల జబ్బు మన ఉద్దానంలో ఎన్ని ఇళ్లను బాధపెడుతోందో తెలిసిందే. ఆ జబ్బు గాని కాలేయం జబ్బు గాని ఉన్నవారు, రోజూ మందులు వాడేవారు దీని జోలికి వెళ్లకూడదు.

నంజుకోవడానికి ఉప్పు తక్కువ వేసి వేయించిన జీడిపప్పు, భీమాలి మామిడి తాండ్ర చిన్న ముక్క బాగా కుదురుతాయి. తాండ్రలోని పులుపు బర్బన్ తీపిని తేటపరుస్తుంది. కారం దట్టించిన వేపుళ్లు మాత్రం రై ఘాటును పూర్తిగా చంపేస్తాయి.

సీసా సంపాదించడం, దాచడం

కెంటకీ స్ట్రెయిట్ బర్బన్లలో జిమ్ బీమ్, మేకర్స్ మార్క్ వంటివి మన దేశంలో దొరుకుతాయిగాని, రాష్ట్రాల మధ్య కలిపిన స్ట్రెయిట్ బ్లెండ్లు అరుదు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. అయినా రాష్ట్ర పన్నులు కలిశాక ధర భారంగానే ఉంటుంది. విదేశం నుంచి వచ్చే ప్రయాణికులు రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, కాబట్టి మన ఇళ్లకు ఈ సీసాలు చేరే ముఖ్యమైన దారి అదే. ఇచ్ఛాపురం దాటి ఒడిశా నుంచి తెప్పించుకునే ఆలోచన చేయవద్దు, ఇతర రాష్ట్రాల మద్యం విషయంలో మన ఎక్సైజు నిబంధనలు కఠినంగా ఉంటాయి.

తెరిచిన సీసాను నిలబెట్టి ఉంచాలి, పడుకోబెడితే ఆల్కహాలు బిరడాను తినేస్తుంది. ఎండ తగిలే కిటికీ, వంటింటి అటక రెండూ పనికిరావు, బీరువా కింది అర మంచిది. సీసాలో మూడో వంతే మిగిలినప్పుడు లోపలి గాలికి వాసన పలచబడటం మొదలవుతుంది కాబట్టి శుభ్రమైన చిన్న గాజు సీసాలోకి మార్చి మూత బిగించాలి.

మీరే కలిపి చూడటం

బ్లెండ్ ఆకర్షణ ఎక్కడుందో చేత్తో కలిపి చూస్తే తెలిసినంతగా ఎంత చదివినా తెలియదు. స్వభావంలో వేరైన రెండు స్ట్రెయిట్ బర్బన్లు దొరికితే ఈ ప్రయోగం ఇంట్లోనే చేయవచ్చు. ఉదాహరణకు రైకి బదులు గోధుమ వాడే మేకర్స్ మార్క్ బలం 45 శాతం. రై ఉన్న వైల్డ్ టర్కీ 101 బలం 50.5 శాతం. బలాలు వేరుగా ఉంటే తేడా ధాన్యం వల్ల వచ్చిందో ఆల్కహాలు వల్ల వచ్చిందో తేలదు గనుక, ముందుగా 30 మిల్లీలీటర్ల వైల్డ్ టర్కీకి సుమారు 3.7 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి దాన్నీ 45 శాతానికి తీసుకురావాలి. కొలతకు మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, చక్కగా పనికొస్తుంది.

మూడు చిన్న గాజు సీసాలు తీసుకుని, మొదటిదాంట్లో గోధుమ బర్బన్ రెండు పాళ్లు, రై బర్బన్ ఒక పాలు, రెండోదాంట్లో రెండూ సమంగా, మూడోదాంట్లో మొదటిదానికి తలకిందులుగా పోయండి. మొత్తం ఒక్కోదాంట్లో 15 మిల్లీలీటర్లు చాలు. సీసాల అడుగున అంకె రాసిన కాగితం అంటించి, వరుస మార్చి పెట్టమని ఇంట్లో మరొకరిని అడగండి. ఏది ఏదో తెలియకుండా వాసన చూసి, కొద్దికొద్దిగా రుచి చూసి, తీపి, ఘాటు, వగరు మూడింటికీ విడివిడిగా నోటు పుస్తకంలో రాసుకోండి. సమపాళ్లదే అన్నిటికంటే బాగుంటుందని ముందే అనుకోవద్దు. రై పాలు కొద్దిగా చేరగానే గోధుమ బర్బన్‌లోని పాకం వాసన ఇంకా స్పష్టంగా తెలియడం, మరి కాస్త చేరగానే అది పూర్తిగా మునిగిపోవడం మీరే చూస్తారు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఇరుకైన చోటును వెతకడమే బ్లెండర్ పని.

కలిపిన వెంటనే చూసిన రుచి చివరిది కాదు. రుచులు ఒకదానితో ఒకటి సర్దుకోవడానికి సమయం పడుతుంది, బ్లెండింగ్ చేసే కంపెనీలు కూడా కలిపిన విస్కీని కొన్ని వారాలు కదపకుండా ఉంచుతాయి. కాబట్టి ప్రతి సీసాలోనూ సగం మిగిల్చి, మూత బిగించి, రెండు వారాల తర్వాత అదే వేళకు, అదే గ్లాసులో మళ్లీ చూసి పాత నోటుతో పోల్చండి. మీకు నచ్చిన పాళ్లు అప్పటికీ మారకపోతే, ఆ పాళ్లకూ పక్క సీసా పాళ్లకూ మధ్య మరో మెట్టు, అంటే ఏడుకు నాలుగో, మూడుకు రెండో, ప్రయత్నించండి.